ఆకుకూరల్లో భారలోహాల పరీక్ష

అనకాపల్లి బజారులో మీరు ఒక తోటకూర కట్ట కొన్నారనుకోండి. ఆకు పచ్చగా, తాజాగా ఉంది. అయినా అందులో సీసం, కాడ్మియం ఉన్నాయో లేదో చూసిగాని, రుచి చూసిగాని చెప్పలేం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాడ్మియం మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అందువల్ల పరీక్ష అవసరం.

లోహాలు ఆకుకు చేరే దారులు

ఇవి రెండు. మొదటిది వేళ్లు. మురుగునీటిలోని లోహాలు మట్టిలో చేరి, వేళ్ల ద్వారా ఆకులోకి వెళ్తాయి. హైదరాబాద్ దిగువన మూసీ నీటితో సాగయ్యే ఆకుకూరలపై పరిశోధనలు జరగడానికి కారణం ఇదే. ఫాస్ఫేట్ ఎరువుల్లో కూడా కొంత కాడ్మియం ఉంటుంది. రెండవది ఆకుపై పడే దుమ్ము. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. కాని అంతకుముందు రహదారుల పక్క మట్టిలో చేరిన సీసం అక్కడే ఉంటుంది. కడిగితే దుమ్ము చాలావరకు పోతుంది. ఆకు లోపలి లోహం పోదు. నమూనాలో సగం కడిగి, సగం కడగకుండా పరీక్షిస్తే లోహం ఏ దారిలో వచ్చిందో అంచనా వేయవచ్చు.

పరీక్షా విధానం

1. పొలంలో పలుచోట్ల నుంచి ఆకులు సేకరించి కలపాలి. ఒక్క కట్టతో పొలాన్ని నిర్ణయించరాదు.
2. తాజా ఆకును తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచాలి. ఈ తేడాయే తేమ.
3. ఎండిన ఆకును పొడి చేసి, నత్రికామ్లంలో వేడిచేసి కరిగించాలి. ఆకు లేకుండా ఆమ్లంతో మాత్రమే మరొక ద్రావణం చేయాలి. దీన్ని బ్లాంక్ అంటారు.
4. పరమాణు శోషణ స్పెక్ట్రోమీటరులో కాడ్మియంను 228.8 నానోమీటర్ల వద్ద కొలిచి, బ్లాంక్ విలువను తీసివేయాలి.

ఉదాహరణ

0.5 గ్రా. పొడిని కరిగించి 25 మి.లీ. ద్రావణం చేశారు. బ్లాంక్ తీసివేశాక కాడ్మియం లీటరుకు 0.03 మి.గ్రా. వచ్చింది. అంటే 25 మి.లీ.లో 0.00075 మి.గ్రా. ఎండు బరువులో ఇది కిలోకు 1.5 మి.గ్రా. ఆకుకూరల్లో కాడ్మియం పరిమితి కిలోకు 0.2 మి.గ్రా. కాబట్టి ఈ కూర ప్రమాదకరమని తొందరపడకండి. ఆ పరిమితి తాజా బరువుకు చెందినది. ఆకులో 90 శాతం తేమ ఉంటే, తాజా బరువులో కాడ్మియం కిలోకు 0.15 మి.గ్రా. మాత్రమే.

ఏ బరువు ఆధారంగా లెక్కించారో రాయని నివేదిక వల్ల నిర్దోషి అయిన రైతు పంట అమ్ముడుపోకుండా ఆగవచ్చు. కలుషితమైన కూర మన పళ్లెంలోకి రావచ్చు. కనుక ఏ నివేదికలోనైనా అంకెకన్నా ముందు ఆ మాట కోసం వెతకండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

ఇదే తోటకూరలో సీసం ఎండు బరువులో కిలోకు 3.5 మి.గ్రా. ఉంది. తాజా బరువులో సీసం పరిమితి కిలోకు 0.3 మి.గ్రా. ఈ కూర పరిమితికి లోబడి ఉందా? లెక్కించి చూడండి.