పురుడు పోసిన చేతులు, ‘వద్దు’ అన్న ఓటు

యుద్ధాలు వద్దన్నారు, పెద్ద ప్రభుత్వమూ వద్దన్నారు రాన్ పాల్. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టవచ్చా?

2007 మే 15. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం, కొలంబియా నగరం. రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీపడాలనుకుంటున్న పదిమంది ఒకే వేదిక మీదున్నారు. సెప్టెంబరు 11 దాడుల ప్రస్తావన వచ్చింది. పదేళ్లుగా మనం ఇరాక్ మీద బాంబులు వేస్తున్నాం, ఆ కోపమూ ఒక కారణమే అన్నారు టెక్సస్ ప్రతినిధి రాన్ పాల్. ఆ మాట వెనక్కి తీసుకోవాలన్నారు న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియానీ. హాలంతా చప్పట్లు. 71 ఏళ్ల పాల్ తగ్గలేదు. 1953లో ఇరాన్ వ్యవహారంలో తలదూర్చి అక్కడి రాజు షాను నిలబెట్టామని, దాని ఫలితం తర్వాత అనుభవించామని గుర్తుచేశారు.

నిండు సభలో సొంత పార్టీకి ఎదురు నిలబడడానికి గుండె ధైర్యం కావాలి. 2002లో ఇరాక్ యుద్ధ తీర్మానాన్ని ప్రతినిధుల సభలో కాదన్న రిపబ్లికన్లు ఆరుగురే. వారిలో ఆయన ఒకరు. అలాగని అన్నిటికీ చేతులు ముడుచుకోలేదు. 2001లో సెప్టెంబరు 11 దాడుల బాధ్యులపై బలప్రయోగానికి ఓటేశారు. ఇరాక్ యుద్ధానికి కారణంగా చూపిన, అక్కడ దాచారన్న ఆయుధాలు చివరికి దొరకలేదు. దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు, అంతకు ఎన్నో రెట్ల ఇరాకీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ విషయంలో పాల్ మాటే నిజమైందని ఒప్పుకుని తీరాలి.

గాల్వెస్టన్ గోడ

టెక్సస్‌లోని లేక్ జాక్సన్ ఊళ్లో పాల్ కాన్పుల డాక్టరుగా పనిచేశారు. 4,000కు పైగా పురుళ్లు పోశారు. వృద్ధులకూ పేదలకూ ప్రభుత్వం ఇచ్చే వైద్య పథకాల సొమ్ము ముట్టుకోలేదు. లేనివారికి ఫీజు తగ్గించారు, ఒక్కోసారి అసలే తీసుకోలేదు. సాటి మనిషిని మనిషే ఆదుకుంటాడన్న నమ్మకం ఆయనకు అక్కడే బలపడి ఉంటుంది. ఆ దారిలోనే, 2012 అధ్యక్ష ఎన్నికల కోసం ఆయన వేసిన ప్రణాళిక మొదటి ఏడాదే లక్ష కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిస్తానంది. విద్య, ఇంధనం సహా అయిదు శాఖలు ఎత్తేస్తానంది.

2011 ఆగస్టులో తుపాను ముంచుకొస్తుంటే, కేంద్ర విపత్తు సంస్థ అక్కర్లేదు, 1900లో లాగే ఉండాలన్నారు. 1900 నాటి ఉప్పెన టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్‌ను తుడిచిపెట్టింది. కనీసం 6,000 మంది చనిపోయారు. మిగిలినవాళ్లు 1904కల్లా సముద్రానికి అడ్డంగా 17 అడుగుల ఎత్తున, మూడు మైళ్లకు పైగా గోడ లేపారు. పాల్ గర్వంగా చూపేది ఆ గోడనే. కానీ దానికి డబ్బు వచ్చింది కౌంటీ, అంటే అక్కడి జిల్లా పాలన, అమ్మిన బాండ్ల నుంచి. వాషింగ్టన్ కాకపోయినా, కౌంటీ కూడా ప్రభుత్వమే కదా! 1977 నాటి దివిసీమ ఉప్పెన తెలిసిన మనకు వేరే చెప్పాలా? అలాంటి రాత్రి ఇరుగుపొరుగు కూడా అదే నీళ్లలో ఉంటారు.

అభ్యర్థి ‘వద్దు’ అన్న ప్రతిసారీ ఓటరు అడగాల్సింది ఒకటే: ఈ వద్దుకు మూల్యం ఎవరు చెల్లిస్తారు? యుద్ధం వద్దంటే తల్లులకు కొడుకులు మిగులుతారు. తుపాను సాయం వద్దంటే, చేతిలో చిల్లిగవ్వ లేనివాడు ముందు మునుగుతాడు. అందుకే ఆయన మొదటి మాటకు నా ఓటు ఉంది, రెండోదానికి లేదు.

కాన్పుల డాక్టరుకు ఇది తెలియనిది కాదు. నొప్పులు సవ్యంగా సాగుతున్నంతసేపూ ఓపికగా పక్కన కూర్చోవాలి. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు మాత్రం చెయ్యి వెయ్యాల్సిందే.