శరత్కాల పథ్యము

వేదకాలపు ఋషులు దీర్ఘాయువును కోరునపుడు నూఱు శరత్తులు చూడవలెనని కోరిరి. వసంతములనక శరత్తులని యేల యనిరో చిన్ననాట మాకు బోధపడలేదు. ఆయుర్వేద గ్రంథములు కొంత చదివిన పిదప నొక సమాధానము తోచినది. శరత్తును సుఖముగా దాటినవా రా యేడు దాటినట్లే. పూర్వుల పరిహాసోక్తి యొకటి కలదు: వైద్యులకు శరత్తు తల్లి, వసంతము తండ్రియట. ఆ తల్లి ప్రతి సంవత్సరమును బిడ్డల పోషణకు వలసినంతమంది రోగులను పంపుచునే యుండును. ఆ పంపకములో మన యిండ్లవారి సంఖ్య కొంత తగ్గింప వీలగునా యని యాలోచింతము.

మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో ఆశ్వయుజ కార్తికములు కవులు వర్ణించిన శరత్తునకు సగమే సరిపోవును. వంశధార, నాగావళి యొడ్డులను రెల్లు పూయుట నిజము. వెన్నెల తేటపడుట నిజము. కాని తుపానులు వచ్చు మాసములును ఇవియే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖతీరమును తాకినది. 2018 అక్టోబరు 11న, దేవీనవరాత్రముల తొలిదినములలోనే, తిత్లీ పలాస దగ్గఱ తీరము దాటి ఉద్దానపు కొబ్బరిచెట్లను, జీడిమామిడి తోటలను నేలగూల్చినది. పగలు ఎండ చుఱుక్కుమనును. తెల్లవాఱుజామున మంచు కురియును. పెరటిలో నిలువనీ రింకదు. విజయదశమి వెళ్లిన మంగళవారము పైడితల్లి యమ్మవారి సిరిమాను చూడ చుట్టములు విజయనగరము చేరుదురు. వారు తిరిగి వెళ్లునప్పటికి ఏదో యొక గదిలో జ్వరపు పడక యుండనే యుండును.

చరకసంహిత సూత్రస్థానమున ఆఱవ యధ్యాయము ఋతుచర్యను చెప్పును. వానకాలమున శరీరము చలికి అలవాటుపడి యుండును. మబ్బు విడిపోగానే సూర్యకిరణములు హఠాత్తుగా తగులును. అంతవఱకు లోపల కూడుకొన్న పిత్త మప్పుడు ప్రకోపించును. ఇదియే యందలి తర్కము. పిత్తమనగా పైత్యపు వాంతి యని మాత్రమే మనలో పలువు రనుకొందురు. శాస్త్రమున దాహము, మంట, జ్వరము, కన్నుల యెఱ్ఱదనము, పచ్చకామెరలు అన్నియు దాని లెక్కలోనివే. చేదు, తీపి, వగరు పిత్తమును శమింపజేయును. పులుపు, ఉప్పు, కారము హెచ్చించును. ఈ యొక్క సూత్రము వంటింటి గోడపై వ్రాసికొన్నచో తక్కినది చాలవఱకు దానంతటదే తెలియును.

శరత్కాలపు నీటిని చరకుడు మిక్కిలి మెచ్చెను. పగలు సూర్యునిచే కాగి, రాత్రి చంద్రునిచే చల్లబడి, అగస్త్యనక్షత్రోదయముచే విషము పాసిన యా తేటనీటికి హంసోదకమని పేరు. స్నానమునకును పానమునకును అది యమృతతుల్యమని యాతని మతము. అయితే ఆ మాట బురద యడుగంటిన యేటినీటికి చెప్పినది; తుపాను ముంచిన బావికి చెప్పినది కాదు. వరద తాకిన బావిలో దొడ్డినీరు కలియును. చూచుటకు తేటగా నున్నను కలరా, టైఫాయిడు, పచ్చకామెరలు దానినుండియే రాగలవు. అట్టి నీటిని సలసల తెర్లిన పిదప నింకొక నిమిషము పొయ్యిమీద నుంచి, మూతవేసి చల్లార్చుకొనవలెను. బావిలో బ్లీచింగుపొడి వేయించువఱకు పంచాయతీవారిని విడువరాదు. ఇందు మొగమాటము పనికిరాదు.

ఇక వంట. అష్టాంగహృదయము ఈ ఋతువునకు బియ్యము, పెసలు, పంచదార, తేనె, ఉసిరిక, పటోలము చెప్పుచున్నది. పటోలము మన చేదుపొట్ల. కూరపొట్ల దానికి దాయాదియే కనుక, ఆ గుణము కొంత దీనియందును కలదని పెద్ద లందురు. కాకర సరేసరి. మన సంతలలో వానకాలమంతయు వచ్చు ఆగాకర యప్పటికి చివరికాపు మీద నుండును. నూనె తేలునట్లు వేపక, కొద్ది నేతిలో మగ్గించిన చాలును. ఉదయమున చోడియంబలి త్రాగు రైతుకుటుంబములను మేమెఱుగుదుము. చరకుడు యవలన్నచోట మనకు చోళ్లున్నవి, చిన్నచూపు చూడవలదు.

వలదన్న వానిలో పెరుగు మొదటిది. పెరుగులేని భోజనము తెలుగువారికి భోజనమే కాదు. ఆ సంగతి యెఱిగియే కాబోలు శాస్త్రము కొంత సడలింపు నిచ్చినది: రాత్రి పెరుగు తినరాదు, పగలు తినునప్పుడు పెసరకట్టో, పంచదారయో, ఉసిరికయో, తేనెయో, నేయియో తోడుండవలెను. పెరుగుపచ్చడిలో ఉసిరిక తురిమి వేయు నిల్లాలు చరకుని చదువకయే చరకుని యానతి పాలించుచున్నది. అట్లతద్దినాడు ఆడపిల్లలు తెల్లవాఱకమునుపే గోంగూరయు గడ్డపెరుగును వేసికొని తిందురుకదా యని యెవరైన మమ్ముల నడిగినచో, ఉయ్యాల లూగు నొక్కనాటి ముచ్చటకు శాస్త్రము కోపింపదని చెప్పుదుము. కడుపు పట్టనంత తినుట, పగటినిద్ర, ఎండ, మంచు, తూర్పుగాలి ఇవియు వర్జ్యములే. సముద్రము తూర్పున గల మనము తూర్పుగాలిని తప్పించుకొను టెట్లు? మంచుపడు వేళ పిల్లలను ఆరుబయట పరుండబెట్టకున్న నంతియే చాలును.

మందని చెప్పదగినది, చేయుటకు తేలికైనది, ధాన్యకహిమము. ధనియములు ఒక పాలు కచ్చాపచ్చాగా దంచి, ఆఱుపాళ్లు చల్లనినీట రాత్రి నానవేసి, ఉదయమున వడగట్టి, కొద్ది పంచదార కలిపి త్రాగవలెను. లోపలి మంటకును దాహమునకును ఇది చెప్పబడినది. నానవేయు నీరు ముందు కాచి చల్లార్చినదై యుండవలెనని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

దీనిని కాచరాదు. మందును నానవేయుటకును కాచుటకును శాస్త్రమున భేదము కలదు. స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని అయిదు విధములు. క్వాథమునకు ఒక పాలు మందు, పదునాఱుపాళ్లు నీరు; ఎనిమిదవ వంతు మిగులువఱకు సన్ననిసెగను కాచవలెను. హిమము పొయ్యి నెఱుగదు. మన యిండ్లలో నేమి జరుగుచున్నది? ఏ యాకు దొరికిన దానిని గిన్నెలో వేసి, అందాజుగ నీరు పోసి, నల్లబడువఱకు కాచి కషాయమనుచున్నాము.

ఈ భేదము నెఱుగుట యెంత ముఖ్యమో చీనాదేశపు వృత్తాంత మొకటి చెప్పును. చీనావారికిని ఋతుచర్య కలదు. వారి పురాతన వైద్యగ్రంథము శరత్తున పెందలకడ పరుండి, కోడితోపాటు లెమ్మని చెప్పును. వారి శరత్తు పొడికాలము. ఊపిరితిత్తులు ఎండునని బేరిపండ్లు తిందురు. మన యాశ్వయుజము చెమ్మకాలము. అందుచేత వారి పథ్యమును మన మనుకరించిన లాభములేదు. వారినుండి నేర్వదగినది వేఱొకటి. క్రీ.శ. 4వ శతాబ్దిలో గే హుంగ్ అను చీనా వైద్యుడు చలిజ్వరమునకు చింగ్‌హావ్ అను మొక్కను గుప్పెడు నీట నానవేసి, పిండి, ఆ రసము త్రాగుమని వ్రాసెను. 1960 దశాబ్దిలో మలేరియాకు మందు వెదకు పనిలో నియుక్తురాలైన తూ యూయూ అను శాస్త్రవేత్త పాతగ్రంథములు వందలకొలది తిరుగవేసి, ఆ మాటకడ నాగినది. అందు కాచుమని లేదు. కాచిన గుణము చెడునేమోయని యూహించి, తక్కువవేడిని ఆవిరియగు ఈథరుతో సారము తీసి 1971లో ఫలము పొందినది. 1972లో తన శరీరముపైననే ముందు పరీక్షించుకొన్నది. ఆ మందే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చినది.

మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రి ఆ చింగ్‌హావ్‌కు చుట్టమే. చుట్టమైనంత మాత్రమున దానిని నానవేసి త్రాగిన చలిజ్వరము పోదు. చింగ్‌హావ్ ఆకునే కాచియైనను నానవేసియైనను త్రాగుట మలేరియాకు చికిత్స కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆకాకునకు సారము హెచ్చుతగ్గులుగా నుండును. ఆమె చేసిన పని కషాయము కాచుట కాదు, సారమును తూచి పరీక్షించుట.

చలిజ్వరము దోమవలన వచ్చునని నిరూపించినది మన తెలుగుగడ్డమీదనే. 1897 ఆగష్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాసు దోమకడుపులో ఆ క్రిమిని చూచెను. సీతంపేట, కురుపాము, సాలూరు కొండప్రాంతములవారికి చలిజ్వరము పాతశత్రువు. ఇటీవల పట్టణములలో డెంగీ చేరినది. ఆ దోమ కొబ్బరిచిప్పలో నిలిచిన పిడికెడు తేటనీట పుట్టి, పగటిపూట కుట్టును. పగటినిద్ర మానుమన్న చరకుని మాటకు నిట్లొక క్రొత్త ప్రయోజనము.

జ్వరము రాగానే ఇంట జరుగున దందఱ మెఱిగినదే. అత్తగారు నేలవేము కషాయ మందురు. వదినగారు బొప్పాయియాకు రస మందురు. మగవారు దుకాణమునుండి మాత్రలు తెత్తురు. లంఖణము పరమౌషధమని నాలుగవ గొంతు. 7వ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన చీనా భిక్షువు ఇత్సింగు కూడ జ్వరమున ఉపవసించుట ఇక్కడి పద్ధతి యని వ్రాసికొనెను. అన్నము మానవచ్చును గాని నీరు మానరాదు. గంజి, కొబ్బరినీరు, ధనియాలనీరు మాటిమాటికి పోయుచునే యుండవలెను. అన్నిటికంటె ముందు రక్తపరీక్ష. మలేరియా యగునా కాదా యని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున కొద్దిసేపటిలో తేల్తురు. మన్యపు గ్రామములలో ఆశా కార్యకర్తయే చూడగలదు. కొండలలో నుండు ఒకజాతి మలేరియా మెదడు నంటి, ఆలసించినవారి ప్రాణము తీయును. డెంగీలో నపాయము జ్వరము హెచ్చినప్పటికంటె తగ్గినప్పుడే పొంచియుండును. చల్లబడినదని మన మూరడిల్లు నాడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నెత్తురు, మగత కనబడినచో క్షణ మాలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. డెంగీయని యనుమానమున్నచో పారాసిటమాల్ తప్ప వేఱు నొప్పిమాత్ర లియ్యరాదు. అవి రక్తస్రావమును హెచ్చించును.

మూలికల విషయమున మాకు గల భయ మింకొకటి కలదు. అది గుర్తుపట్టుటను గూర్చి. 1990 దశాబ్ది యారంభమున బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో బరువు తగ్గుటకు చీనామూలికలు సేవించిన స్త్రీలు నూఱుమందికి పైగా మూత్రపిండములు చెడి రోగులైరి. ఒక మూలికకు బదులు పేరు పోలిన మఱొక మూలిక, అరిస్టలోకియా జాతిది, పొట్లములో చేరుటయే కారణము. డాన్యూబు నదీప్రాంతపు పల్లెలలో గోధుమచేలలోని ఆ జాతి కలుపుగింజలు పిండిలో కలిసి తరతరములు మూత్రపిండములను తినివైచినవి. ఆ జాతి మన కపరిచితము కాదు. గాడిదగడపర, ఈశ్వరివేరు ఆ కుటుంబపువే. పురుగు కుట్టినను, పాము కఱచినను, పిల్లలకు కడుపునొప్పి వచ్చినను పల్లెలలో వాడుచుండిరి. ఇక వానిని లోపలికి పుచ్చుకొనరాదు.

ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతపు సోదరీమణులకు ఈ మాట ప్రత్యేకముగ చెప్పుచున్నాము. ఉద్దానమున మూత్రపిండవ్యాధి యేల యింతగా నున్నదో శాస్త్రజ్ఞు లింకను తేల్చలేదు. మూలికలవలన నని యెవరును నిరూపింపలేదు, మేమును అనము. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధి పరిశోధనకును చికిత్సకును ఆసుపత్రి తెఱవబడినది. కారణమేదైనను, ఇప్పటికే నలిగిన యవయవముపై తెలియని వేరును, రోజువారీ నొప్పిమాత్రను మోపుట కూడదు. పొలమునుండి యెండకు వచ్చిన భర్త నడుమునొప్పి యన్నప్పుడు మాత్రకంటె ముందు చెంబెడు నీ రీయవలెను.

తిప్పతీగ సంగతియు నట్టిదే. 2021లో బొంబాయి వైద్యులు తిప్పతీగ నెడతెగక వాడినవారిలో కొందఱికి కాలేయము వాచినదని ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ అది తిప్పతీగ దోషము కాదు, దానిని పోలిన వేఱొక తీగతో పొరబడుటవలన కావచ్చు ననెను. ఎవరిమాట నిజమైనను మన కర్తవ్య మొక్కటే. తీగ నెఱిగినవారిచే గుర్తింపజేసికొనవలెను, నెలలతరబడి త్రాగరాదు, కాలేయవ్యాధి గలవారు ముట్టరాదు. నేలవేము మంచి చేదు. చీనావారును గొంతునొప్పికి, జ్వరమునకు దానిని వాడుదురు. కాని గర్భవతులకు నిషిద్ధము. కరక్కాయ, తేనె వంటివి కొనువారికి 1956లో వెలసిన గిరిజన సహకార సంస్థ దుకాణము లున్నవి. బస్సుస్టాండులో పొట్లములమ్మువాని చూర్ణముకంటె అవి మేలు.

కార్తికమున ఉసిరిక వచ్చును. క్షీరాబ్దిద్వాదశికి తులసికోటలో ఉసిరికొమ్మ నాటుదుము, ఉసిరిచెట్టు నీడను వనభోజనములు చేయుదుము. అష్టాంగహృదయము శరత్తునకు చెప్పిన ఫలము పూజామందిరమునకే నడచివచ్చినట్లుండును. పులుపైనను పిత్తమును చల్లార్చునని వైద్యుల మెప్పు. సి విటమినునకు పెట్టినది పేరని నేటివారి మెప్పు. ఊరగాయకంటె పచ్చికాయ తురుము మేలు. ఊరగాయలోని ఉప్పు, నూనె, కారము దాని సుగుణమును సగము మ్రింగును.

కార్తికపు చివరి యెనిమిది దినములకును మార్గశిరపు తొలి యెనిమిది దినములకును యమదంష్ట్ర యని పేరు. అప్పుడు మితముగా తినువాడే బ్రదుకునని శార్ఙ్గధరుడు చెప్పెను. కార్తికసోమవారపు నక్తములు అలవాటైన యిండ్లలో నిది కష్టము కాదు. ఋతువు మాఱునపుడు పాతపథ్యము నొక్కసారిగా విడిచి క్రొత్తది పట్టరాదనియు, వెనుక వారము ముందు వారము కలిపి పదునాలుగు దినములు మెల్లమెల్లగా మార్చుకొనవలెననియు వాగ్భటుని మతము. నాగులచవితి చిమ్మిలి నోటికి రుచి చూపి పోవును. మార్గశిరము చొచ్చి చలి నిలుకడపడిన పిదప నువ్వులు, మినుములు, బెల్లము, నూనె ఒక్కొక్కటిగ మరల వంటింటిలోనికి రావచ్చును; అప్పటికి జఠరాగ్ని తానే హెచ్చి అడిగి తీసికొనును.