తలుపు తట్టని చందాలు

తెలుగు ఇండ్లలో 'వాడుక' అనే మాటకు ఒక ప్రత్యేకార్థం ఉన్నది. పాలవానివద్ద రోజుకు శేరు పాలు వాడుక పెట్టుకొనేవారు. ఊరికి పోయేటప్పుడు నాలుగు రోజులు వాడుక మానిపించేవారు. గోడమీద బొగ్గుతో గీసిన గీతలే ఆ లెక్కకు సాక్ష్యం. నెల తిరిగేసరికి పాలవాడు గుమ్మంలో నిలిచేవాడు. ఇల్లాలు గీతలు లెక్కించి, పాలు పలుచనైన రోజులనుకూడా జ్ఞాపకం చేసి, ఆ తరువాతనే డబ్బు చేతిలో పెట్టేది. వాడుక పెట్టడానికి ఒక మాట చాలు. మానడానికీ ఒక మాటే చాలు.

పత్రికల చందా కొంత భిన్నమైనది. ఆ మాటే పారసీకంనుండి ఉర్దూద్వారా మనకు వచ్చినది. 1924లో వెలువడిన 'భారతి' వంటి మాసపత్రికల కాలంలో సంవత్సరం నిండితే పాఠకుడు మనియార్డరు పంపవలసి ఉండేది. లేదా పత్రికవారు సంచికను వి.పి.లో పంపేవారు. పాఠకుడు తీసుకోకపోతే ఆ కట్ట తిరుగుటపాలో వెనుకకు పోయేది. తపాలా ఖర్చు పత్రికాధిపతి నెత్తిన పడేది. పాపం, వారి కష్టం వారిది. అయినా ఆ ఏర్పాటులో ఒక ధర్మం ఉన్నది: పాఠకుని మౌనానికి అర్థం 'వద్దు' అని.

నేటి చందాలలో ఆ అర్థం తలక్రిందులైనది. సినిమాలకొకటి, పాటలకొకటి, ఫోటోలు దాచుకోవడానికొకటి, పిల్లల పాఠాలకొకటి, ఇంటికి భోజనం తెప్పించుకోవడంలో రాయితీకొకటి. మొదటి నెల ఉచితమంటారు. రెండవ నెలనుండి బ్యాంకు ఖాతాలోని సొమ్ము తనంతట తానే కదలిపోతుంది. 2020లో యు.పి.ఐ.లోకూడా ఇట్టి స్వయంచెల్లింపు వచ్చిన పిదప, కార్డు లేనివారికీ ఇది అందుబాటైనది. ఇక్కడ మౌనానికి అర్థం 'కావాలి' అని. నెలకు 199 రూపాయలంటే ఎవరికీ బరువు తోచదు. సంవత్సరానికి అది 2,388 రూపాయలు. అట్టివి ఐదుంటే 11,940. పింఛనుమీద బ్రతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

సంక్రాంతికి వచ్చిన పిల్లలు తండ్రిగారి ఫోనులో ఒక సినిమాల చందా కట్టి, పండుగ మూడు రోజులూ చూచి వెళ్లిపోతారు. తరువాత ఆ ఇంట చూచేవారు లేరు. చెల్లింపు మాత్రం నెలనెలా సాగుతూనే ఉంటుంది. ఆరు నెలలకు తండ్రిగారు పాసుపుస్తకం చూచి ఖర్చు పెరిగినదని గ్రహిస్తారు. వెంటనే ఆయన మానేది దేనిని? వారపత్రికను. ఎందుకంటే దాని బిల్లు పట్టుకొని మనిషి గుమ్మంలోకి వస్తాడు. పొదుపు అనగానే కంటికి కనిపించే ఖర్చుమీదనే కత్తి పడుతుంది. తలుపు తట్టనిది తప్పించుకొంటుంది. ఈ మాట పత్రికలోనే అచ్చుకావడం స్వార్థంగా తోచవచ్చును. మడత విప్పకుండానే చిత్తుకాగితాలవానికి చేరే రెండవ దినపత్రికను మాన్పించడం ఉచితమేనని ఒప్పుకొంటే ఆ దోషం కొంత తీరుతుంది.

ప్రభుత్వ వ్యవస్థ నిద్రపోవడం లేదు. 2021 అక్టోబరు 1 నుండి అమలుకు వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డుపై ఇట్టి చెల్లింపు జరగడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం రావాలి; ఆ అనుమతిని ఎప్పుడైనా ఉపసంహరించుకొనే వీలుండాలి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, కొనుగోలుదారును మభ్యపెట్టే 13 పద్ధతులను పేర్కొని నిషేధించినది. చేరే దారిని రాజమార్గంగాను, విడిచే దారిని ముళ్లబాటగాను చేసే చందా ఉచ్చు వాటిలో ఒకటి.

అయితే చూడవలసినవాడు చూడకపోతే సందేశం వలన ఫలమేమి? సంవత్సరానికొకసారి సొమ్ము తీసే చందాలుంటాయి కనుక బ్యాంకు లెక్క పన్నెండు నెలలది ముందు పెట్టుకోవాలి. నెలనెలా ఒకే అంకె ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీయాలి. ఫోనులోనుండి యాప్ తీసివేసినంతమాత్రాన చందా ఆగదు. చాలామంది పొరబడేది ఇక్కడనే. యు.పి.ఐ. యాప్‌లో స్వయంచెల్లింపుల జాబితా ఉంటుంది. కార్డు అనుమతులు బ్యాంకువద్ద ఉంటాయి. సందేహమున్నదానిని ఒక నెల ఆపి చూడవచ్చును. ఇంట ఎవరూ అడగకపోతే అది అక్కరలేనిదే. అడిగితే తిరిగి చేరడానికి ఎవరూ అడ్డుచెప్పరు. ఆ ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఒక చిక్కుమాత్రం మిగులుతుంది. సందేశం వచ్చేది బ్యాంకులో నమోదైన నెంబరుకు. ఒంటరిగా ఉండే తల్లుల ఖాతాలకు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న కుమారుని నెంబరే ఉండడం కద్దు. పని ఒత్తిడిలో ఆయన దానిని చూడడు. ఖాతా ఎవరిదో ఆ తల్లికి కబురే అందదు. అట్టి ఇండ్లలో లెక్కకు కూర్చొనేముందు మార్చవలసినది ఆ నెంబరు.