అగ్నిభయము - మూసిన తలుపు

అగ్ని లేనిదే గృహిణికి ఒక్క పూట గడవదు. తెల్లవారినది మొదలు రాత్రి పాలు తోడుపెట్టువరకు దానితోడనే మన సహవాసము. నిత్యము చూచుదానియందు భయము సన్నగిల్లుట సహజము. కాని అగ్నిప్రమాదములలో మనుష్యులను చంపునది మంట యొక్కటియే కాదు; చాలచోట్ల బయటికి పోవు దారి మూసియుండుటయే చంపుచున్నది. ఇందులకు దృష్టాంతముగా న్యూయార్కు నగరమున జరిగిన యొక ఘోరమును సోదరీమణులకు మనవి చేసెదను. అది ముఖ్యముగా స్త్రీల కథ.

1911వ సంవత్సరము మార్చి 25వ తేదీ, శనివారము. ఆ నగరమున ఆష్ భవనమను పదియంతస్తుల మేడలో, పై మూడంతస్తులయందు ట్రయాంగిల్ కంపెనీవారు స్త్రీలు తొడుగుకొను రవికెలు కుట్టించుచుండిరి. పనివారిలో పెక్కండ్రు ఇటలీనుండియు తూర్పు ఐరోపానుండియు వలసవచ్చిన కుటుంబముల పడుచులు. పదునాలుగేండ్ల పిల్లలును ఉండిరి. సాయంకాలము నాలుగున్నర దాటినది. ఇండ్లకు పోవు వేళ. ఎనిమిదవ అంతస్తున గుడ్డలు కత్తిరించు బల్లక్రింద, పీలికలు వేయు పెట్టెలో నిప్పు పడెను. ఆర్పని అగ్గిపుల్లయో సిగరెట్టుముక్కయో కారణమై యుండునని విచారించినవారు తలంచిరి. బక్కెట్లతో నీళ్లు చల్లిరి గాని ఆరలేదు.

ఎందుకారలేదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. పొయ్యి రాజవేయునపుడు మనము దుంగను ముందు పెట్టము. చిదుగులు, కాగితము, కొబ్బరిపీచు పెట్టుదుము. పలుచని వస్తువు వెంటనే వేడెక్కును. దాని నలువైపుల గాలి యుండును. ఆ పీలికలపెట్టె యట్టిదే. పైన తీగెలకు కాగితపు అచ్చులు వ్రేలాడుచుండెను. వేడిగాలి పైకెగసి కప్పును తాకి, పోవుటకు చోటులేక అక్కడనే పేరుకొనును. అచటినుండి దాని సెగ క్రిందికి దిగి, మంట తాకని వస్తువులనుగూడ కాచును. కొలది నిమిషములలో గదిలోనున్నదంతయు ఒక్కసారిగా అంటుకొనును. అంతకుముందే పొగ కమ్మును. పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయు వుండును. దానికి వాసన లేదు, పీల్చినవానికి తెలివితప్పును. పొగ నిండిన గదిలో నిలువక, నేలబారున ప్రాకుచు పోవలెనని చెప్పుట ఇందులకే. మంచి గాలి మిగిలియున్నచో నేలదగ్గరనే మిగిలియుండును.

పదియవ అంతస్తువారికి టెలిఫోనుమీద వార్త అందెను. వారిలో దాదాపు అందరును మిద్దెపైకెక్కి, ప్రక్కనున్న విశ్వవిద్యాలయపు విద్యార్థులు అందించిన నిచ్చెనలమీదుగా తప్పించుకొనిరి. తొమ్మిదవ అంతస్తువారికి ఎవరును చెప్పలేదు. మంటయే వార్త తెచ్చెను. అచట నొకవైపు మెట్లదారిని అగ్ని ఆక్రమించెను. రెండవవైపు తలుపునకు తాళము వేసియుండెను. పనిపిల్లలు గుడ్డముక్క యేదైన దాచి తీసికొనిపోవుదురేమో యని, అందరు నొకేదారిన పోవునట్లు, సంచులు సోదా చేయుటకు వీలగునట్లు ఆ యేర్పాటు! గోడవెలుపలి యినుపమెట్లు జనభారమునకు వంగి కూలెను. లిఫ్టు నడుపువారు ప్రాణములకు తెగించి, నడిచినంతసేపు జనమును దింపిరి. అగ్నిమాపకుల నిచ్చెన ఆరవ అంతస్తువరకే అందెను. వీథిలోని జనము చూచుచుండగా పిల్లలు కిటికీలనుండి దూకిరి. మొత్తము 146 మంది మరణించిరి. వారిలో 123 మంది స్త్రీలు.

ఆ మేడ అగ్నికి చెక్కుచెదరని కట్టడమని పేరుపడినది. పేరు నిజమే. గోడలు నిలిచినవి, నేటికిని ఆ మేడ నిలిచియేయున్నది, విశ్వవిద్యాలయమువారు అందు పాఠములు చెప్పుచున్నారు. కాలనిది గోడ, కాలినవి గుడ్డలు, బల్లలు, మనుష్యులు. యజమానులపై అభియోగము నడిచెనుగాని, తలుపు తాళమువేసియున్న సంగతి ఆ వేళ వారికి తెలియునని రుజువు కాలేదని ఆ డిసెంబరులోనే విడిచిపెట్టిరి.

ఆ దినము సమీపమున తేనీటివిందులో నున్న ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అను యువతి కేకలువిని పరుగెత్తివచ్చి యంతయు కన్నులార చూచెను. తరువాత రాష్ట్రప్రభుత్వము కర్మాగారముల తనిఖీకి సంఘము నేర్పరుపగా ఆమె దానితో పనిచేసెను. ఆమె తనిఖీ రీతి నాకు మిక్కిలి నచ్చినది. ఒక కర్మాగారమున “అగ్నిప్రమాదదారి” యని వ్రాసియున్న చిన్న రంధ్రముగుండా శాసనసభ్యుడైన వాగ్నరుగారినే దూరి పొమ్మనిరి. అవతల మంచుకట్టిన నిచ్చెన. అదియు నేలకు పండ్రెండడుగుల యెత్తుననే ముగిసెను! కాగితముమీద దారి గలదు, కాలుపెట్టిన లేదు. పనివేళ తలుపులకు తాళము కూడదనియు, అవి వెలుపలికి తెరచుకొనవలెననియు (గుంపు మీదపడినపుడు లోపలికి తెరచుకొను తలుపు తెరచుకొనదు గదా!) చట్టములు వచ్చినవి. 1933లో ఆమె కార్మికశాఖా మంత్రిణియయ్యెను. ఆ దేశపు మంత్రివర్గమున ప్రవేశించిన మొదటి స్త్రీ ఆమెయే.

మన దేశమున జాతీయ భవననిర్మాణ నియమావళి 1970లో మొదట వెలువడినది. అందొక భాగము అగ్నిరక్షణకే కేటాయింపబడినది. ఐనను 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాలలో ట్రాన్స్‌ఫార్మరునుండి లేచిన పొగ బాల్కనీని కమ్మగా 59 మంది చనిపోయిరి. అదనపు కుర్చీలకొఱకు అచట నొక ప్రక్కదారిని మూసివేసియుండిరి.

వంటింటి సంగతులు మీకు తెలిసినవే, రెండే చెప్పెదను. బాణలిలో నూనె అంటుకొన్న నీళ్లు పోయకుడు, పొయ్యి ఆర్పి మూత వేయుడు. గ్యాసు గాలికంటె బరువైనది గాన కారినచో నేలమీదనే పరచుకొనును. వాసన తగిలిన స్విచ్చి వేయనుగూడదు, తీయనుగూడదు, తలుపులు కిటికీలు తెరువవలెను.

ఈ వ్యాసము వ్రాయుటకుముందు మా యింటినే తనిఖీ చేసితిని. రాత్రి దీపములార్పి, కన్నులు మూసికొని, పడకగదినుండి వీథివరకు నడచితిని. నడవలో పాతపత్రికల కట్టకు కాలు తగిలెను. మెట్లవద్ద ఖాళీ సిలిండరు. వాకిట ఇనుపకటకటాల తలుపు తాళము! తాళపుచెవి అత్తగారి దిండుక్రింద నుండెను. ఆమెను లేపి తీసికొని తలుపు తెరచుసరికి గడియారమున నాలుగు నిమిషములు గడచినవి. “దొంగలభయము లేదటమ్మా?” అని ఆమె కోపించిరి. భయము లేకపోలేదు. మరునాడు కట్టలను అమ్మివేసితిమి, సిలిండరును తీయించితిమి. తాళపుచెవి యిపుడు కటకటాలకు లోపలివైపున, వెలుపలివాని చేయి అందని దూరమున, మేకుకు వ్రేలాడుచున్నది. ఎనిమిదేండ్ల మా చిన్నదానికిగూడ అందునట్టి యెత్తున కొట్టించితిమి. రెండవసారి నడచినపుడు నిమిషముకూడ పట్టలేదు.