18 ఏళ్లు నిండిన తరువాత సంరక్షకత్వం

మేధో వైకల్యం ఉన్నప్పటికీ, 18 ఏళ్లు నిండిన వ్యక్తి చట్టరీత్యా మేజరే. అప్పటి నుంచి తల్లిదండ్రులు తమంతట తాము చట్టబద్ధ సంరక్షకులు కారు. జాతీయ ట్రస్టు చట్టం, 1999 ప్రకారం తల్లిదండ్రులు గాని, బంధువులు గాని జిల్లా స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. ఇందులో కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి ఉంటారు. 2016 పునర్విభజన వల్ల జగిత్యాల వారు కరీంనగర్‌కు, నిర్మల్ వారు ఆదిలాబాద్‌కు కాక సొంత జిల్లా కమిటీకే దరఖాస్తు చేసుకోవాలి.

సంరక్షకుడు అసలు అవసరమా, ఏ పనులకు అవసరం అన్నది కమిటీ ముందుగా పరిశీలించాలి.

సంరక్షకుడు యజమాని కాడు. తమ్ముడి పొలంపై వచ్చే కౌలు తమ్ముడి పోషణకే చెందుతుంది, అన్న ఖర్చులకు కాదు. నియామకమైన 6 నెలల్లో ఆస్తుల జాబితా, తరువాత ఏటా లెక్కలు సమర్పించాలి. ఆ వ్యక్తిని హింసించినా, నిర్లక్ష్యం చేసినా, ఆస్తిని దుర్వినియోగం చేసినా సంరక్షకుణ్ణి తొలగించవచ్చు.