ఆరాధన నుంచి ఆరడుగుల నేల దాకా

బస్తర్ అంచున లూథరన్ సంఘాలు పుట్టుకను, పంటను, పెళ్లిని, చావును కలిసే మోస్తాయి. ఆ బతుక్కి అసలు పరీక్ష ఇప్పుడు సమాధి దగ్గర ఎదురవుతోంది

జగదల్‌పూర్‌లోని మార్చురీలో ఒక పాస్టర్ భౌతికకాయం 2025 జనవరి 7 నుంచి ఇరవై రోజుల పాటు ఉండిపోయింది. బస్తర్ జిల్లా ఛింద్వాడా ఆయన సొంతూరు. తాతను, అత్తను పూడ్చిన ఊళ్లోనే తండ్రినీ పూడుస్తానన్నాడు కొడుకు. ఊరు ఒప్పుకోలేదు. ఆ ఊళ్లో క్రైస్తవులకు శ్మశానమే లేదంది ప్రభుత్వం. వ్యవహారం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. కుటుంబం సొంత పొలంలో ఖననానికి అనుమతించాలన్నారు జస్టిస్ బి.వి. నాగరత్న. ఇరవై, పాతిక కిలోమీటర్ల దూరంలోని కర్కాపాల్‌లో క్రైస్తవులకు కేటాయించిన స్థలమే తగిందన్నారు జస్టిస్ సతీష్ చంద్ర శర్మ. మూడో న్యాయమూర్తికి నివేదిస్తే శవం ఇంకా ఎన్నాళ్లు మార్చురీలో ఉండాలో తెలియదు. అందుకే రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద, అంత్యక్రియలు కర్కాపాల్‌లో జరపాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

ఆ కేసు లూథరన్లది కాదు. బస్తర్ క్రైస్తవుల్లో శాఖలు చాలానే ఉన్నాయి. జగదల్‌పూర్‌లో మెథడిస్టుల ఎర్ర చర్చి ఉంది, కేథలిక్ మేత్రాసనం ఉంది, పల్లెపల్లెనా ఇళ్లలో నడిచే పెంతెకొస్తు కూడికలున్నాయి. కానీ ఆ తీర్పు లేవనెత్తిన ప్రశ్న అందరిదీ. చచ్చినవాణ్ణి ఎక్కడ పెట్టాలన్నది ఒక కుటుంబానికి అంత పట్టింపు ఎందుకు? పాతిక కిలోమీటర్లు పెద్ద దూరమా? జవాబు కోర్టు కాగితాల్లో కంటే సంఘం రోజువారీ బతుకులోనే బాగా దొరుకుతుంది. ఈ ప్రాంతంలో ఆ బతుకును ఎక్కువ కాలం నుంచి సాగిస్తున్నవాళ్లలో సరిహద్దు లూథరన్లు ముందుంటారు.

రాజు కాదన్న చోట

లూథరన్లు అసలు రావాలనుకున్నది బస్తర్‌కే. జర్మనీ ఉత్తర కొసన బ్రెక్లుమ్ అనే పల్లెలో క్రిస్టియన్ యెన్‌సెన్ అనే పాస్టర్ 1876లో ఒక మిషన్ సంస్థ స్థాపించారు. ఆ సంస్థ పంపిన తొలి మిషనరీలు ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్. రాజమండ్రిలో అప్పటికే పాతుకుపోయిన లూథరన్ మిషన్ అండతో వాళ్లిద్దరూ 1882లో బస్తర్ దారి పట్టారు. జగదల్‌పూర్‌లో రాజు అనుమతి ఇవ్వలేదు. వెనుదిరిగి పక్కనే ఉన్న జయపురం సంస్థానంలోని కోరాపుట్‌కు, అక్కడి నుంచి కొండ కింద సాలూరుకు చేరారు.

ఈ మలుపు వెనుక పాలనాపరమైన కారణం ఉంది. బస్తర్ సెంట్రల్ ప్రావిన్సెస్ నీడలో ఉన్న సంస్థానం. ఎవరిని రానివ్వాలో తేల్చుకునే వీలు రాజుకు ఉండేది. జయపురం మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో జమీందారీ. అక్కడ కలెక్టర్ మాట చెల్లేది. తొలి మిషన్ కేంద్రాల్లో ఒకటైన కోట్‌పాడ్ అయితే జగదల్‌పూర్‌కు నలభై కిలోమీటర్ల దూరమే. పైగా అది ఒకప్పటి బస్తర్ పరగణా. 18వ శతాబ్దంలో జయపురం చేతికి వెళ్లింది. అంటే రాజు కాదన్న మిషన్, ఆయన పూర్వీకులు పోగొట్టుకున్న నేల మీద నిలదొక్కుకుంది. బస్తర్ తలుపులు పూర్తిగా మూసుకునే ఉండలేదు. 1890లలో జగదల్‌పూర్‌లో మెథడిస్టులకు చోటు దొరికింది.

కోట్‌పాడ్ చుట్టుపక్కల సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది డోంబులు. నేత నేసేవాళ్లు, సంతల్లో వ్యాపారం చేసేవాళ్లు, పెళ్లిళ్లకు బాజా వాయించేవాళ్లు. ఊరికి వాళ్లతో పని ఉండేది కానీ ఊరి మధ్యలో చోటు ఉండేది కాదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలవడంతో జర్మన్ మిషనరీలు నిర్బంధంలోకి వెళ్లారు. సంఘాలు చెదిరిపోలేదు. స్థానిక ఉపదేశులే నడిపారు. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్ అటు వెళ్లింది, సాలూరు ఇటు మిగిలింది. లక్షకు పైగా సభ్యులున్న ఆ చర్చి ఇప్పటికీ బస్తర్ సరిహద్దు వెంట లూథరన్లకు పెద్ద దిక్కు.

పాస్టర్ లేని ఆదివారం

గుంటూరులోనో రాజమండ్రిలోనో లూథరన్ ఆరాధన చూసినవారికి ఇక్కడి ఆదివారం కొత్తగా అనిపించదు. భాష మారుతుంది, వరస మారదు. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, పత్రిక పాఠం, సువార్త పాఠం, విశ్వాస ప్రమాణం, ప్రసంగం, కానుక, దీవెన. గుంటూరుకు 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ తెచ్చిన లూథరన్ సంప్రదాయానికీ, బ్రెక్లుమ్ మిషనరీలు కోరాపుట్‌కు తెచ్చినదానికీ మూలం ఒకటే. తేడా పాటలో కనిపిస్తుంది. జర్మన్ రాగాల పక్కనే దేశియా మాటల పాటలు, తబలా లేనిచోట డోలు. కోట్‌పాడ్ వైపు మాట్లాడే దేశియా ఒడియాకూ, జగదల్‌పూర్ సంతలో వినిపించే హల్బీకీ మధ్య భత్రీ అనే భాష వంతెనలా ఉంటుంది. సరిహద్దుకు అటూ ఇటూ బంధుత్వాలున్న కుటుంబాలకు పాటలు కూడా అలాగే దాటివస్తాయి.

పల్లెల్లో ప్రతి ఆదివారం పాస్టర్ కనిపించడు. ఒక్కో పాస్టర్ కింద అనేక గ్రామాలుంటాయి. ఆయన లేనప్పుడు ఆరాధన నడిపేది ఉపదేశి లేదా సంఘ పెద్ద. క్రమం కంఠతా వచ్చు కాబట్టి అక్షరాలు రానివాళ్లు కూడా ఎక్కడ లేచి నిలబడాలో, ఎక్కడ జవాబు పలకాలో తడుముకోరు. పట్నపు చదువరికి యాంత్రికంగా కనిపించే ఈ క్రమమే మిషనరీలు లేని యుద్ధకాలంలో సంఘాన్ని కాపాడింది. మార్టిన్ లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరిని రాసింది కూడా పండితుల కోసం కాదు, ఇంటి యజమాని తన పిల్లలకూ పనివాళ్లకూ నేర్పడం కోసం. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు భోజనం ఇందులోని పాఠాలు. వీటిని నేర్చుకున్నాకే పిల్లలు ప్రభువు బల్ల దగ్గరికి వస్తారు.

ప్రభు భోజనానికి మాత్రం పాస్టర్ రావాల్సిందే. ఆయన వచ్చిన రోజు చిన్న పండుగ. బాప్తిస్మాలు, పెళ్లి చాటింపులు, ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ముల రాజీ, అన్నీ ఆ రోజే పూర్తవుతాయి. ఒకే రొట్టె, ఒకే పాత్ర. ఒకప్పుడు కులం తక్కువని బావి దగ్గర దూరంగా నిలబెట్టిన మనుషులకు ఇది వేదాంత చర్చ కాదు.

గుప్పెడు బియ్యం, కొత్త గింజ

ఇలాంటి సంఘాల ఆర్థికం బియ్యం గింజతో మొదలవుతుంది. ఇంట్లో ఎసరు పెట్టేటప్పుడు ఆడవాళ్లు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ చర్చికి వస్తుంది. వేలం వేసిన బియ్యం డబ్బు ఉపదేశి జీతానికో, పెంకుల మరమ్మతుకో, జబ్బుపడినవాళ్ల మందులకో వెళుతుంది. విదేశీ డబ్బు మీద చర్చలు బతుకుతున్నాయన్న ఆరోపణ వినిపించినప్పుడల్లా ఈ కుండ గుర్తుకు రావాలి.

కోతలయ్యాక కోత పండుగ. కొత్త ధాన్యం, గుమ్మడికాయ, కోడిపుంజు, ఏది పండితే అది బలిపీఠం ముందుకు వస్తుంది. ఆదివాసీ ఊళ్లలో కొత్త బియ్యం ముందు దేవతకు పెట్టి తర్వాత తినే నవాఖాని పండుగ జరుగుతుంది. రెండింటిలోనూ ఒకటే భావం: మొదటి గింజ మనది కాదు. కలిసి జీవించగలిగిన ఊళ్లలో ఇరుగుపొరుగు ఒకరి పండుగకు మరొకరు వెళ్లడం మామూలే. చికిత్స దగ్గర కూడా మతం అడ్డురాలేదు. డెన్మార్క్ డాక్టర్ ఎలిజబెత్ మాడ్సన్ 1954లో ప్రారంభించిన బిస్సంకటక్ క్రైస్తవ ఆసుపత్రి నియమగిరి డోంగ్రియా కోందులకు దశాబ్దాలుగా ఆధారం.

దక్షిణ బస్తర్‌ది మరో కథ. కోంటా వైపు దోర్లా కోయలకు తెలుగు పరాయిది కాదు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక వేలాది మంది గోదావరి లోయలోకి, అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి తరలివచ్చారు. భద్రాచలం కేంద్రంగా పనిచేసే గుడ్ సమరిటన్ ఎవాంజెలికల్ లూథరన్ చర్చికి ఆదివాసులే ప్రధాన సభ్యులు. రేషన్ కార్డు, పట్టా లేని మనిషికి పేరు రాసుకునే రిజిస్టర్ ఒకటి ఉండటం ఎంత ధైర్యమో నిర్వాసితులకు తెలుస్తుంది.

ఊరి వాదన

ఊరికీ ఒక వాదన ఉంది. దాన్ని కేవలం ద్వేషంగా కొట్టిపారేయడం తేలిక, కానీ సరి కాదు. బస్తర్ గోండు గ్రామంలో నేల పట్టాదారుడిదే కాదు, ఊరి దేవతది కూడా. విత్తనం వేయడానికి, కొత్త పంట తినడానికి, చచ్చినవారిని సాగనంపడానికి తంతులున్నాయి. అందరూ చందా వేస్తేనే జాతర జరుగుతుంది. మరియాలు పెద్దల జ్ఞాపకంగా నిలువురాళ్లు పాతుతారు. మతం మారినవాళ్లు చందా మానేసి, తంతుకు రాకుండా, అదే నేలలో సిలువ పాతితే ఊరి పొత్తు తెగిపోయినట్టేనంటారు పెద్దలు. ఈ ఫిర్యాదును రాజకీయ సంస్థలు ఊరూరా అందుకున్నాయి. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాల్లో వందలాది క్రైస్తవ ఆదివాసులు ఇళ్లు వదిలి పారిపోవాల్సి వచ్చింది. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో చర్చి మీద దాడి జరిగింది. అడ్డుకోబోయిన జిల్లా ఎస్పీ తలకు గాయమైంది.

చట్టం కూడా ఒకేలా చూడదు. షెడ్యూల్డ్ తెగ మనిషి క్రైస్తవుడైనా తెగ హోదా పోదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం మనిషి క్రైస్తవుడైతే హోదా పోతుంది. ఒకే చర్చిలో ఒకే చాప మీద కూర్చున్న గోండుకూ డోంబుకూ గుమ్మం దాటగానే ప్రభుత్వం దృష్టిలో వేర్వేరు హక్కులు. మతం మారిన ఆదివాసులను కూడా జాబితా నుంచి తొలగించాలన్నది ఛత్తీస్‌గఢ్‌లో బలంగా వినిపించే డిమాండ్.

పాతిక కిలోమీటర్ల దూరం

ఇక సమాధి ప్రశ్న. లూథరన్ సంఘంలో చావు ఒక కుటుంబపు దుఃఖం మాత్రమే కాదు, సంఘం చేసే పని. కబురు అందగానే కుర్రాళ్లు గడ్డపారలు పట్టుకుని గొయ్యి తవ్వడానికి వెళతారు. ఒకరు పెట్టెకు చెక్క కోస్తారు. ఆడవాళ్లు రాత్రంతా పాటలు పాడతారు. శవాన్ని భుజాల మీద మోస్తారు. పాస్టర్ అందకపోతే ఉపదేశే వాక్యం చదువుతాడు, అందరూ తలా గుప్పెడు మట్టి వేస్తారు. చావింట్లో పొయ్యి వెలగదు కాబట్టి మూడు రోజులు ఇరుగుపొరుగు అన్నం తెస్తారు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. ఇవన్నీ నడిచి వెళ్లగల దూరంలో ఉంటేనే సాధ్యం.

పాతిక కిలోమీటర్లు అవతల పెడితే ట్రాక్టరో వ్యానో కావాలి. అందులో పట్టేది కొద్దిమంది. కూలిపనికి వెళ్లేవాడికి ఆ రోజు కూలి పోతుంది. ముసలి తల్లి కొడుకు సమాధిని మళ్లీ చూడలేదు. రాష్ట్రమంతటా క్రైస్తవుల ఖననానికి ప్రత్యేక స్థలాలు రెండు నెలల్లో గుర్తించాలని జస్టిస్ నాగరత్న తన తీర్పులో రాశారు. స్థలాలు చూపడం అవసరమే. కానీ జిల్లాకు రెండు మూడు చోట్ల కంచె వేసి, శవాలను అక్కడికి తరలిస్తే తగువు తీరదు. ఊళ్లో పుట్టి, ఊరి పొలంలో పనిచేసి, ఊరి బావి నీళ్లు తాగిన మనిషిని చచ్చాక ఊరివాడు కాదని రాసిచ్చినట్టవుతుంది.

పరిష్కారం పైనుంచి రాకపోవచ్చు. కోర్టులు హక్కును చెప్పగలవు, పొరుగును తెచ్చివ్వలేవు. కలిసి బతికిన ఊళ్లు ఏం చేశాయో చూస్తే దారి కనిపిస్తుంది. ఊరి శ్మశానంలోనే ఒక మూల, ఊరి పెద్దలు చూపించిన హద్దు, పూజ లేకపోయినా ఊరి బాగుకు వేసే చందా. సంఘం తన వంతుగా ఊరి పనుల్లో భుజం కలపాలి. ఊరు తన వంతుగా, దేవుడు వేరైనా మనిషి మనవాడేనని ఒప్పుకోవాలి. 1882లో బస్తర్ రాజు ఇద్దరు పరదేశీయులను వెనక్కి పంపాడు. ఇప్పుడు చోటు అడుగుతున్నది పరదేశీయులు కారు. ఆ ఊళ్లోనే పుట్టినవాళ్లు.