సైట్‌మ్యాప్ ఎక్కడ నుండవలెను?

గ్రంథాలయమున వేయి గ్రంథములున్నను, వాని పట్టిక లేనిచో పాఠకునకు కలుగు ప్రయోజనము స్వల్పము. వెబ్‌సైటు విషయమును అట్టిదే. నేడు విద్యాసంస్థలు తమ ప్రకటనలను, పాఠములను, పాత వార్షిక సంచికలను వెబ్‌సైటులందు ఉంచుచున్నవి. కాని ఉంచుట వేరు, వెదకువానికి దొరకుట వేరు. ఈ రెంటిని కలుపు సాధనములలో సైట్‌మ్యాప్ ఒకటి. దానిని ఏ చోట ఉంచవలెనను విషయమును మేమిచ్చట వివరింపదలచితిమి.

సైట్‌మ్యాప్ అనగా ఒక వెబ్‌సైటునందలి పుటల చిరునామాల పట్టిక. ఇది గూగుల్, బింగ్ వంటి సెర్చ్ ఇంజన్లు చదువుకొనుటకై సాధారణముగా ఎక్స్‌ఎమ్‌ఎల్ అను రూపమున వ్రాయబడును. గూగుల్ సంస్థ 2005 జూన్ నెలలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలును అంగీకరించుటచే ఇది ఉమ్మడి నియమమాయెను. ఒక ఫైలున 50,000 చిరునామాలకు మించరాదు. దాని పరిమాణము 50 మెగాబైట్లను దాటరాదు.

సెర్చ్ ఇంజన్లు సామాన్యముగా లంకెలను పట్టుకొని పుటనుండి పుటకు పోవుచుండును. ఏ లంకెయు లేని పుట, వానకాలమున దారి మునిగిన కొల్లేటి లంక వంటిది. అందు జనులున్నను అచ్చటికి పోవువాడుండడు. పాత సంచికలకు తరచుగా పట్టు గతి ఇదియే. అట్టి పుటల ఉనికిని సైట్‌మ్యాప్ తెలియజేయును. అయితే పట్టికలో చేర్చినంత మాత్రమున ప్రతి పుటయు వెదకులాటలో కనబడి తీరునను హామీ లేదు.

ఇక స్థానమునకు వత్తము. సైట్‌మ్యాప్ ఏ ఫోల్డరునందున్నదో, ఆ ఫోల్డరునకు లోబడిన పుటలనే అది పేర్కొనవలెను. ఇదియే మూలనియమము. మనకు తెలిసిన అడంగలును తలచుకొన్న ఇది సులభముగా బోధపడును. గుండుగొలను గ్రామపు అడంగలులో ఆ గ్రామపు సర్వే నంబర్లే యుండును గాని పూళ్ల గ్రామపు భూములు చేరవు. రెండు గ్రామముల లెక్కయు ఒకచోట కావలెనన్న భీమడోలు మండల కార్యాలయమునకు పోవలసినదే.

ఒక కళాశాల వెబ్‌సైటున తెలుగు పుటలకొక ఫోల్డరు, ఉర్దూ పుటలకొక ఫోల్డరు కలవనుకొందము. సైట్‌మ్యాపును తెలుగు ఫోల్డరున ఉంచి, అందు ఉర్దూ పుటల చిరునామాలను వ్రాసినను, నియమము ననుసరించి అవి లెక్కకు రావు. తప్పు అక్షరములలో లేదు, ఉంచిన చోటులో ఉన్నది. ఆ ఫైలునే వెబ్‌సైటు మూలస్థానమున, అనగా రూట్‌నందు ఉంచినచో రెండు భాషల పుటలును దాని పరిధిలోనికి వచ్చును. అందుచేతనే రూట్ స్థానమే ఉత్తమమని నియమకర్తలు సూచించిరి.

ఈ కట్టుబాటునకు కారణము అధికారమే. ఒక ఫోల్డరున ఫైలును ఉంచగలవానికి ఆ ఫోల్డరులోని పుటలను గూర్చి చెప్పు హక్కు కలదని భావింపబడును. పక్కవాని పుటలను గూర్చి చెప్పు హక్కు అతనికి లేదు.

వెబ్‌సైటు పేరు మారినను పరిధి మారును. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాకును, 2004లో ఆరంభమైన ఉర్దూ వికీపీడియాకును చిరునామా చివరి భాగమొకటే. మొదటి భాగము వేరు. కావున నియమరీత్యా అవి రెండు వేర్వేరు స్థానములు. ఒకదాని సైట్‌మ్యాప్ తనంత తాను రెండవదానికి చెల్లదు.

ఇందులకొక మినహాయింపు కలదు. ప్రతి వెబ్‌సైటు రూట్‌నందును రోబోట్స్.టిఎక్స్‌టి అను చిన్న ఫైలు నుంచవచ్చును. ఇది 1994 నాటి ఆచారము. 2022లో అధికారిక ప్రమాణముగా ప్రకటింపబడినది. ఈ ఫైలున సైట్‌మ్యాప్ చిరునామాను ఒక పంక్తిగా వ్రాయు సౌకర్యము 2007లో ఏర్పడెను. ఆ పంక్తి యున్నచో సైట్‌మ్యాప్ వేరొక వెబ్‌సైటున ఉన్నను చెల్లును; ఏలయన యజమాని స్వయముగా అనుమతించినట్లే. గూగుల్ సెర్చ్ కన్సోల్ నందు తమ యాజమాన్యమును నిరూపించుకొన్నవారికిని గూగుల్ వరకు ఇట్టి వెసులుబాటు కలదు.

కావున సంచికల ప్రతులను తమ అధీనములో లేని పరాయి స్థలమున భద్రపరచు సంస్థలు ఆలోచింపవలెను. అచ్చటి రూట్‌నందు మనము ఒక్క పంక్తియు వ్రాయజాలము. ప్రతులు కళాశాల సొంత చిరునామా క్రిందనే యుండుట మేలు.

కార్యవర్గమువారు వెబ్‌సైటు నిర్మించువారిని మూడు ప్రశ్నలడుగవలెనని మా మనవి. సైట్‌మ్యాప్ రూట్‌నందున్నదా? రోబోట్స్ ఫైలున దాని చిరునామా కలదా? తెలుగు పుటలతోపాటు ఉర్దూ పుటలును అందు చేరినవా? విద్యార్థులు ఈ పరీక్షను స్వయముగా చేయవచ్చును. బ్రౌజరున ఆ రెండు ఫైళ్ల చిరునామాలను వ్రాసి చూచిన చాలును.

ఇంటర్నెట్టున ఇంగ్లీషుతో పోల్చిన మన రెండు భాషల వ్రాత తక్కువ. ఉన్న కొద్ది వ్రాతయు, ఒక ఫైలు తగని చోట నుండుటచే మరుగున పడరాదు. ఆనాటి విద్యార్థి వ్రాసిన ఉర్దూ గజలును, తెలుగు వ్యాసమును నేడెక్కడనో నివసించు అతని మనుమరాలు వెదకి చదువుకొనగలిగిననాడే మన సంచికలను భద్రపరచిన శ్రమ ఫలించినట్లు.